గడియారం పక్కగోడ కింద

ప్రాగ్‌లోని ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో గంట కొట్టే వేళకి జనమంతా పాత టౌన్‌హాల్ గడియారం ముందు చేరతారు. 1410 నాటి యంత్రం అది. సూర్యచంద్రులు ఏ రాశిలో ఉన్నారో కూడా చూపిస్తుంది. అస్థిపంజరం బొమ్మ ఒక చేత్తో గంట తాడు లాగుతుంటే, పైన కిటికీల్లో క్రీస్తు శిష్యులు ఒక్కొక్కరే కనబడి వెళ్తారు. చివర్న కోడి కూస్తుంది. అద్భుతమే, కాదనను.

కానీ నన్ను కదలనివ్వనిది అదే టౌన్‌హాల్ తూర్పు గోడ కింద నేల. నల్లరాళ్ల మధ్య తెల్లరాళ్లతో పొదిగిన 27 శిలువలు. హాబ్స్‌బర్గ్ చక్రవర్తిపై తిరగబడి ఓడిన 27 మందిని 1621 జూన్ 21న ఇక్కడే చంపారు. ప్రభువులు, యోధులు, మామూలు పట్టణవాసులు! వారిలో యెసెనియస్ అనే వైద్యుడు ఉన్నాడు. 1600లో ఇదే నగరంలో జనం ఎదుట శవపరీక్ష చేసి శరీర నిర్మాణం వివరించిన పండితుడాయన. ఆయన తల నరికే ముందు నాలుక కోశారు. చంపినవారిలో 12 మంది తలలను చార్లెస్ వంతెన బురుజుకు వేలాడదీశారు, పదేళ్లపాటు.

గోడమీద పలకపై అందరి పేర్లూ ఉన్నాయి. ప్రాగ్ వెళితే, గడియారం చూశాక వంతెనవైపు పరుగెత్తకండి. గడియారం పక్క మలుపు తిరిగి, ఆ పేర్లన్నీ చదవండి.