గర్భసంచి తీయించే ముందు: సంతకం మనదే, ప్రశ్నలూ మనవే

"గర్భసంచి తీసేసిన్రు." బోధన్ చుట్టుపక్కల వాడల్లో నలభై నిండని ఆడవాళ్ల నోట ఈ మాట వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశంలో 3 శాతం పైచిలుకు, తెలంగాణలో 8 శాతం పైనే. నెలసరి వస్తే కూలి తెగుతుందని గర్భసంచులు తీయించుకున్న బీడ్ చెరుకు కోత కూలీల సంగతి 2019లో దేశమంతా మాట్లాడుకుంది. బీడ్ మనకు దూరమేమీ కాదు, ఒకప్పుడు మనతోపాటు నిజాం రాజ్యంలోదే.

తెల్లబట్ట, అధిక రక్తస్రావం, నడుంనొప్పి. ఎక్కువమంది ఈ బాధలతోనే డాక్టర్ దగ్గరికి పోతారు. వీటిలో చాలావాటికి మందులున్నాయి, హార్మోన్ లూప్ ఉంది. కానీ "తీయకపోతే క్యాన్సర్ అయితది" అన్న ఒక్క మాటతో సంభాషణ ముగిసిపోతుంది. అసలు అడగడం అక్కడే మొదలుపెట్టాలి: ఏ పరీక్షలో తేలింది? ముక్క తీసి పరీక్షకు పంపారా? స్కానింగ్ ఒక్కటే క్యాన్సర్‌ను తేల్చదు. నిజంగా తేలితే మాత్రం ఆలస్యం చేయొద్దు. ఇంకొకటి, అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? చిన్న వయసులో రెండూ తీస్తే నెలసరి ఆగిపోవడంతో సరిపోదు, ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. కూలి పని చేసే ఒంటికి ఇది చిన్న విషయం కాదు.

సంతకం భర్తదో అత్తదో అయితే చాలనుకుంటారు. చాలదు. సమీరా కోహ్లీ కేసులో పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, బయట ఉన్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, స్పృహ వచ్చాక అడగగలిగిన మనిషి బదులు మరొకరి అనుమతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు వర్తించదనీ చెప్పింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసర గర్భసంచి ఆపరేషన్లపై వచ్చిన పిటిషన్‌లో, ఇలాంటివి అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలు మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు ఆదేశించింది. ఆ పిటిషన్‌లోని బాధితుల్లో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల మహిళలే.

"చదువురాని మాకు డాక్టర్ ఎందుకు చెప్తడు?" అని అడిగే అక్కలకు మేము చెప్పేది ఒకటే. ఒంటరిగా పోకండి, ఆశా కార్యకర్తనో చదువుకునే పిల్లనో వెంట తీసుకుపోండి. ఫారం తెలుగులో చదివించుకున్నాకే వేలిముద్ర వేయండి. కాగితాలు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య మండలి నియమం. వాటితో నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఇంకో డాక్టర్‌కు చూపించుకోవచ్చు.