బోరు మోటారు కనెక్షన్ తెలుసా? అయితే ఆర్‌సీ విమానం వైరింగ్ సగం వచ్చేసినట్టే.. కానీ ఈ ఒక్క సెట్టింగ్ మర్చిపోతే డేంజరే!

పొలంలో మందు కొట్టే డ్రోన్ దిగిందంటే చాలు.. పిల్లలే కాదు, పెద్దోళ్లు కూడా చేతిలో పని ఆపి చూస్తారు. యూట్యూబ్‌లో వీడియోలు చూసి థర్మకోల్ షీటుతో సొంతంగా రిమోట్ విమానం చేసేద్దామనుకునే కుర్రాళ్లకూ కొదవ లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతల లాంటి చోట దానికి కావాల్సినంత ఖాళీ జాగా కూడా ఉంది. పల్లి పీకేశాక చేను మొత్తం రన్‌వేనే!

కానీ ఎక్కువ మంది మొదటి విమానం నిమిషం కూడా ఎగరదు. లేచినట్టే లేచి, పక్కకు ఒరిగి, ముక్కు నేలకు కొడుతుంది. గాలి ఎక్కువైంది, రెక్క సరిగ్గా కోయలేదు అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం వేరే ఉంటుంది. వైరు తప్పు పెట్టడమో, రేడియో సెట్టింగ్ చూసుకోకపోవడమో! అంటే విమానం గాల్లోకి లేవకముందే, నేల మీదే క్రాష్ ఖాయమైపోయిందన్నమాట. మరి ఏ వైరు ఎక్కడికి వెళ్లాలి? ఎగరేసే ముందు ఏం చెక్ చేయాలి? సింపుల్‌గా చూద్దాం.

లోపల ఉండేవి ఐదే ఐదు

చిన్న ఎలక్ట్రిక్ ఆర్‌సీ విమానంలో ప్రధానంగా ఐదు వస్తువులుంటాయి. బ్యాటరీ, మోటారు, ఈఎస్‌సీ, రిసీవర్, సర్వోలు. ఈఎస్‌సీ అంటే మోటారు స్పీడును కంట్రోల్ చేసే సర్క్యూట్. రిసీవర్ మన చేతిలోని రిమోట్ చెప్పింది వినే పెట్టె. సర్వోలు రెక్కల మీద, తోక మీద ఉండే పలకలను అటూ ఇటూ కదిలించే చిన్న మోటార్లు.

కరెంటు దారి ఇలా ఉంటుంది. బ్యాటరీ నుంచి రెండు లావు వైర్లు ఈఎస్‌సీకి వెళ్తాయి. ఈఎస్‌సీ నుంచి మూడు వైర్లు మోటారుకు వెళ్తాయి. అదే ఈఎస్‌సీ నుంచి ఇంకో సన్నని మూడు వైర్ల ప్లగ్ రిసీవర్‌లోని థ్రాటిల్ ఛానల్‌కు వెళ్తుంది. సర్వోలన్నీ రిసీవర్‌కే కనెక్ట్ అవుతాయి. అంతే!

బోరు మోటారు లెక్కే ఇక్కడ కూడా

ఈ విమానాల్లో వాడే బ్రష్‌లెస్ మోటారుకు మూడు వైర్లుంటాయి. బోరు మోటారుకు మూడు ఫేజులున్నట్టే. బోరు మోటారు ఉల్టా తిరిగి నీళ్లు సరిగ్గా పోయకపోతే మన రైతులు ఏం చేస్తారు? స్టార్టర్ దగ్గర ఏవైనా రెండు ఫేజులు మార్చి బిగిస్తారు. ఇక్కడా అదే సూత్రం. ఫ్యాను ఉల్టా తిరుగుతుంటే మూడింట్లో ఏ రెండు వైర్లైనా మార్చండి, సరిపోతుంది.

కానీ బ్యాటరీ వైపు మాత్రం ఈ ఆట కుదరదు. అక్కడ ఎరుపు ప్లస్, నలుపు మైనస్. తారుమారైతే ఈఎస్‌సీ క్షణాల్లో పొగ కక్కుతుంది. అందుకే ఉల్టా పెట్టడానికి వీల్లేని ఎక్స్‌టీ60 లాంటి కనెక్టర్లు వాడతారు. సోల్డరింగ్ చేసేటప్పుడే రంగులు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

సర్వో ప్లగ్‌లో గోధుమ లేదా నలుపు వైరు మైనస్, మధ్యలో ఎరుపు ప్లస్, మూడోది నారింజ లేదా తెలుపు సిగ్నల్. ఎరుపు మధ్యలోనే ఉంటుంది కాబట్టి ప్లగ్ తిప్పి పెట్టినా మామూలుగా కాలిపోదు, కాకపోతే సర్వో కదలదు. 'సర్వో పోయింది' అని కొత్తది కొనే ముందు ప్లగ్ ఒకసారి తిప్పి చూడండి.

రిసీవర్‌కు కరెంటు ఎక్కడిది?

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. రిసీవర్‌కు వేరే బ్యాటరీ ఉండదు. ఈఎస్‌సీ లోపల బీఈసీ అనే భాగం ఉంటుంది. అది బ్యాటరీ వోల్టేజీని 5 వోల్టులకు తగ్గించి, ఆ సన్నని ప్లగ్ ద్వారా రిసీవర్‌కు, అక్కడి నుంచి సర్వోలకు అందిస్తుంది.

ఇక్కడో చిన్న లెక్క ఉంది. మూడు సెల్స్ ఉన్న లైపో బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో 12.6 వోల్టులు ఇస్తుంది. పాత రకం లీనియర్ బీఈసీ దాన్ని 5కి దించాలంటే మిగతా 7.6 వోల్టులను వేడిగా మార్చి వదిలేయాల్సిందే. సర్వోలు 1 ఆంపియర్ లాగితే 7.6 వాట్ల వేడి! గాలి ఆడని చోట ఈఎస్‌సీని టేపుతో చుట్టేస్తే అది వేడెక్కి ఆగిపోతుంది. అప్పుడు మోటారే కాదు, రిసీవర్, సర్వోలు అన్నీ ఒకేసారి చచ్చుబడతాయి. విమానం రాయిలా కింద పడుతుంది. అందుకే ఈఎస్‌సీకి గాలి తగిలేలా బాడీలో ఓ కన్నం పెట్టాలి. సర్వోలు ఎక్కువుంటే వేరే బీఈసీ పెట్టుకోవాలి. అలా పెట్టినప్పుడు ఈఎస్‌సీ సన్న ప్లగ్‌లోని ఎరుపు వైరు తీసేసి ఇన్సులేట్ చేయాలి.

ఛానల్ మారితే అంతా తారుమారు

రిసీవర్ మీద 1, 2, 3, 4 అని ఉంటుంది. ఫ్లైస్కై లాంటి సెట్లలో మామూలుగా 1 ఐలెరాన్, 2 ఎలివేటర్, 3 థ్రాటిల్, 4 రడ్డర్. స్పెక్ట్రమ్‌లో మొదటిదే థ్రాటిల్! ఒక కంపెనీ వీడియో చూసి ఇంకో కంపెనీ రిసీవర్‌కు వైర్లు పెడితే.. పక్కకు తిప్పాల్సిన స్టిక్ కదిపినప్పుడు మోటారు గిర్రున తిరుగుతుంది. అందుకే టేబుల్ మీద టెస్టింగ్ అంతా ఫ్యాను విప్పేశాకే చేయాలి. 1000 కేవీ మోటారు అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి 1000 తిరుగుళ్లు. 11.1 వోల్టుల దగ్గర లోడ్ లేకుండా 11,100! ఆ స్పీడులో ప్లాస్టిక్ ఫ్యాను కూడా కత్తితో సమానం. వేళ్లు తెగుతాయి.

2.4 గిగాహెర్ట్జ్.. ఈ 'బైండింగ్' ఏంటి?

రేడియోతో రిమోట్ కంట్రోల్ ఆలోచన కొత్తది కాదు. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్క్‌లో ఓ చిన్న పడవను వైర్లు లేకుండా నడిపి చూపించారు. పాత ఆర్‌సీ సెట్లలో క్రిస్టల్స్ ఉండేవి. ఒకే మైదానంలో ఇద్దరు ఒకే ఫ్రీక్వెన్సీ ఆన్ చేస్తే విమానం కూలాల్సిందే. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లకు ఆ బాధ లేదు. ఒకసారి బైండ్ చేస్తే రిసీవర్ తన రిమోట్ మాట మాత్రమే వింటుంది. ఈ బ్యాండ్‌లో తక్కువ పవర్ పరికరాలకు మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు. కానీ విదేశీ సైట్లలో దొరికే 915 మెగాహెర్ట్జ్ సెట్ల జోలికి వెళ్లకండి. ఆ పరిధిలో ఇక్కడ మొబైల్ ఫోన్లు పనిచేస్తాయి.

రిసీవర్ యాంటెన్నా చివర ఉండే సుమారు 31 మిల్లీమీటర్ల సన్నని తీగే అసలు సిగ్నల్ పట్టేది. దాన్ని మడవొద్దు, కత్తిరించొద్దు. రెండు యాంటెన్నాలుంటే ఒకదానికొకటి అడ్డంగా, ఎల్ ఆకారంలో పెట్టాలి. బ్యాటరీకి, మోటారు వైర్లకు దూరంగా ఉంచాలి.

ఆ ఒక్క సెట్టింగ్.. ఫెయిల్‌సేఫ్!

ఇదే అన్నిటికంటే ముఖ్యం. రిమోట్ బ్యాటరీ అయిపోయింది, లేదా విమానం దూరం వెళ్లి సిగ్నల్ తెగిపోయింది. అప్పుడు మోటారు ఏం చేయాలి? కొన్ని రిసీవర్లు చివరి ఆర్డర్‌నే పట్టుకుని కూర్చుంటాయి. అంటే ఫుల్ స్పీడులో సిగ్నల్ పోతే ఫుల్ స్పీడులోనే వెళ్లిపోతుంది. అది బడి మీదకా, రోడ్డు మీదకా, 11 కేవీ లైన్ మీదకా అన్నది ఎవరి చేతిలోనూ ఉండదు.

కరెంటు పోతే బోరు స్టార్టర్ ట్రిప్ అవుతుంది కదా! మళ్లీ కరెంటు వచ్చినా మనం నొక్కేదాకా మోటారు తిరగదు. ఆటో స్టార్టర్ పెట్టిన చోట మోటారు దానంతటదే ఆన్ అయి ఎంత ప్రమాదమో రైతులకు చెప్పక్కర్లేదు. ఫెయిల్‌సేఫ్ కూడా ఆ ట్రిప్ లాంటిదే. సిగ్నల్ పోయిన వెంటనే థ్రాటిల్ సున్నాకు వచ్చేలా రిమోట్ మెనూలో సెట్ చేయాలి.

సెట్ చేశాం కదా అని వదిలేయొద్దు. ఫ్యాను విప్పండి. థ్రాటిల్ సగం పెట్టి మోటారు తిరగనివ్వండి. ఇప్పుడు రిమోట్ ఆఫ్ చేయండి. మోటారు ఆగిందా? ఓకే. ఆగకపోతే ఆ విమానం ఇంటి గడప దాటకూడదు.

ఎగరేసే ముందు ఈ చెకింగ్ తప్పనిసరి

* ముందు రిమోట్ ఆన్, తర్వాతే విమానం బ్యాటరీ. దిగాక ముందు విమానం బ్యాటరీ తీసేయాలి, ఆ తర్వాతే రిమోట్ ఆఫ్.
* విమానం వెనక నిలబడి చూడండి. స్టిక్ కుడికి నెడితే కుడి రెక్క పలక పైకి, ఎడమది కిందికి రావాలి. స్టిక్ వెనక్కి లాగితే తోక పలక పైకి లేవాలి. ఉల్టా ఉంటే వైర్లు మార్చక్కర్లేదు, రిమోట్‌లో రివర్స్ ఆప్షన్ ఉంటుంది.
* రేంజ్ టెస్ట్ మోడ్ ఉంటే ఆన్ చేసి, మాన్యువల్‌లో చెప్పినంత దూరం నడిచి, సర్వోలు కదులుతున్నాయో లేదో చూడండి.
* టైమర్ పెట్టుకోండి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, సగటున 15 ఆంపియర్లు లాగితే మొత్తం సుమారు 9 నిమిషాలు. 80 శాతం దగ్గరే దించేయాలి కాబట్టి 7 నిమిషాలే లెక్క.
* ఉబ్బిన లైపో బ్యాటరీ మళ్లీ వాడొద్దు. ఛార్జింగ్ బండ మీదో, ఇటుకల మీదో పెట్టాలి, మనిషి పక్కనే ఉండాలి. పాలమూరు ఎండల్లో బైకు డిక్కీలో అసలే వదిలేయొద్దు.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం చదువు, పరిశోధన, సరదా కోసం కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు వాటిని మోడల్ విమానాలుగా లెక్కిస్తారు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాటకూడదు. మీ ఊరు ఏ జోన్‌లో ఉందో, రిజిస్ట్రేషన్ సంగతేంటో ప్రభుత్వ అధికారిక వివరాల్లో ముందే చూసుకోండి. అచ్చంపేట దాటి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ వైపు వెళ్తే అటవీ శాఖ అనుమతి లేకుండా ఎగరేయొద్దు.

ఇదంతా ఆటేనా? కానే కాదు!

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరో మోడలింగ్ ట్రైనింగ్‌లో భాగమే. 2021 సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో మందులు మోసుకెళ్లిన 'మెడిసిన్ ఫ్రమ్ ది స్కై' డ్రోన్లయినా, చేలల్లో మందు కొట్టే డ్రోన్లయినా.. లోపల ఉండేది ఇదే బ్యాటరీ, ఇదే ఈఎస్‌సీ, ఇదే ఫెయిల్‌సేఫ్ సూత్రం. వాటికి అదనంగా జీపీఎస్, ఫ్లైట్ కంట్రోలర్ ఉంటాయి.

2023 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఓకే చేసిన 'నమో డ్రోన్ దీదీ' పథకం లక్ష్యం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వడం. అందులో పైలట్‌గా మహిళకు ట్రైనింగ్ ఇవ్వడమే కాదు, ఎలక్ట్రికల్ రిపేర్లు, ఫిట్టింగ్ పనుల మీద ఆసక్తి ఉన్న ఇంకో సభ్యురాలికో, కుటుంబ సభ్యుడికో సహాయకుడిగా శిక్షణ ఇవ్వాలని ఉంది. అంటే వైరింగ్ తెలిసినోళ్లకు ఊళ్లోనే పని దొరికే దారి అన్నమాట.

కాబట్టి మీ ఇంట్లో పిల్లాడో, పిల్లో థర్మకోల్ ముక్కలు, వైర్లు ముందేసుకుని కూర్చుంటే తిట్టకండి. పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి. "రిమోట్ ఆఫ్ చేస్తే మోటారు ఆగుతుందా?" ఆగింది అని చూపిస్తేనే.. పదండి చేన్లోకి!