అవ్వకు అలారం ఎందుకు అక్కర్లేదు?

ప్రశ్న: గుడియాత్తంలో మా అవ్వ ఏ అలారమూ లేకుండా నాలుగున్నరకే లేస్తుంది. రాయవేలూరు హాస్టల్లో ఉండే నేను మూడు అలారాలు పెట్టుకున్నా ఏడున్నరకు లేవలేను. నాది బద్ధకమేనా?

బద్ధకమని అప్పుడే తీర్పు చెప్పుకోకు. అవ్వ లేవడానికి ఏర్పాట్లు ముందురోజు సాయంత్రమే మొదలవుతాయి.

రెండు కళ్ల నరాలు మెదడులో ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన చిన్న కణాల గుంపు ఒకటుంది. మన ఒంటికి అదే గడియారం. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్‌ను ఊరేలా చేసి నిద్రకు సిద్ధం చేసేదీ, తెల్లవారుజామున ఒంటి వేడిని మెల్లగా పెంచేదీ అదే. అవ్వ కళ్లు తెరిచేసరికే ఆమె ఒళ్లు సగం మేలుకొని ఉంటుంది. ఇక అలారానికి పనేముంది? కణాల్లో ఈ గడియారం ఎలా నడుస్తుందో పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో కనిపెట్టినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే చాలామందిలో ఈ గడియారం ఒక చుట్టు తిరగడానికి 24 గంటల కన్నా కొన్ని నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. అలాగే వదిలేస్తే రోజూ కాస్త వెనకబడుతుంది. దాన్ని సరిదిద్దేది వెలుతురు. పొద్దుటి వెలుతురు ముందుకు జరుపుతుంది, రాత్రి వెలుతురు వెనక్కి నెడుతుంది. అవ్వ వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టేసరికి తెల్లారుతుంది. ఆ వెలుతురే ఆమెకు మర్నాటి అలారం. నువ్వేమో అర్ధరాత్రి దాకా ఫోను చూసి, పొద్దున కిటికీ తెర వేసుకొని పడుకుంటావు. మీ ఇద్దరి గడియారాలూ చెరోవైపు జరుగుతున్నాయి. దానికి వయసొకటి తోడు. పదహారు పద్దెనిమిదేళ్లప్పుడు నిద్ర ఆలస్యంగా రావడం, ముసలితనంలో తొందరగా మెలకువ రావడం ప్రకృతి తీరు.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. రాతిగుట్టల పక్క ఊళ్లు మనవి. పగలంతా కాగిన గోడలు రాత్రి చాలాసేపు వేడిని వదులుతూనే ఉంటాయి. ఒంటి లోపలి వేడి కాస్త దిగితేగాని మంచి నిద్ర పట్టదు. మన పెద్దలు మిద్దె మీద పడుకున్నది ఊరికే కాదు.

ఇంకో మాట. మన దేశపు టైము 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి పెట్టింది. రాయవేలూరు, గుడియాత్తం దానికి పడమరన, 79 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అందుకే సూర్యుడు మన నెత్తిమీదికి రావడానికి గడియారంలో పన్నెండు దాటాక సగటున మరో 14 నిమిషాలు పడుతుంది. జనవరిలో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే. ఆ నెలలో అయిదింటికి లేవలేకపోయానని బాధపడడం అన్యాయం.

మరి నాలుగింటికి లేచి చదివితేనే తలకెక్కుతుందా? చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. నీ వయసులో ఎనిమిది గంటలైనా నిద్ర కావాలి. కాబట్టి ముందు లేచే వేళను ఖాయం చేసుకో, ఆదివారమైనా మార్చకు. లేవగానే పావుగంట ఆరుబయట తిరుగు. సాయంత్రం టీ మానెయ్. ఇంకా తొందరగా లేవాలనుంటే ఆ వేళను కొన్నాళ్లకోసారి పావుగంట చొప్పున ముందుకు జరుపుకో, పడుకునే వేళనూ అంతే జరుపు. నిద్రను కోసుకొని మాత్రం తొందరగా లేవకు.