హోమ్ థియేటర్‌లో డైలాగులు వినిపించట్లేదా..? స్పీకర్ మార్చేముందు రిసీవర్‌లో ఈ మోడ్ చూసుకోండి!

ఫైట్ సీన్ వస్తే కిటికీలు అదిరిపోతాయి. హీరోయిన్ మాట్లాడితే మాత్రం ఏమందో అర్థం కాదు. వాల్యూమ్ పెంచడం, పాట రాగానే పక్కింటివాళ్లు తలుపు కొట్టకముందే తగ్గించడం.. సినిమా అయ్యేదాకా రిమోట్‌తోనే సరిపోతుంది. 5.1 హోమ్ థియేటర్ ఉన్న చాలా ఇళ్లలో ఇదే గోల. సెంటర్ స్పీకర్ పోయిందేమో అని షాపుకి పట్టుకెళ్లేవాళ్లూ ఉన్నారు. కానీ తేడా చాలాసార్లు స్పీకర్‌లో ఉండదు. ఏవీ రిసీవర్‌లో ఎంచుకున్న సౌండ్ మోడ్‌లో ఉంటుంది.

రిసీవర్ చేసే పనులు రెండు. ఒకటి డీకోడింగ్. ఓటీటీ సినిమాలో 5.1 ట్రాక్ ఉంటే ఏ శబ్దం ఏ స్పీకర్‌కి వెళ్లాలో ముందే రాసిపెట్టి ఉంటుంది, రిసీవర్ దాన్ని విప్పి పంపుతుందంతే. రెండోది అప్‌మిక్సింగ్. వచ్చింది రెండు చానళ్ల స్టీరియోనే అయినా, దాన్ని ఐదు స్పీకర్లకి సర్దాలి. పులిహోర కలిపేశాక అందులోంచి పల్లీలు ఏరి పక్కన పెట్టడం లాంటి పని ఇది. ఎంత బాగా ఏరినా కొన్ని మెతుకులు వెంట వస్తాయి.

మరి ఎలా ఏరుతుంది? ఎడమ, కుడి చానళ్లలో ఒకేలా ఉన్న శబ్దం.. అంటే మామూలుగా డైలాగు.. సెంటర్‌కి వెళ్తుంది. రెండింటిలో ఒకదానికొకటి ఎదురుగా ఉన్న శబ్దం వెనక స్పీకర్లకి వెళ్తుంది. ఈ లెక్క ఇప్పటిది కాదు. 1982లో డాల్బీ సరౌండ్ పేరుతో ఇళ్లలోకి వచ్చింది. 1987లో ప్రో లాజిక్, 2000లో ప్రో లాజిక్ 2 వచ్చాయి. 2014లో అట్మాస్ రిసీవర్లతో పాటు వచ్చిన కొత్త అప్‌మిక్సర్‌కి మళ్లీ ఆ పాత పేరే పెట్టారు. తికమక అంతా అక్కడే.

డిస్‌ప్లే మీద 'డాల్బీ సరౌండ్' అని ఒక్కటే కనిపిస్తే ఒరిజినల్ 5.1 వస్తోందని సంబరపడొద్దు. చాలావరకు స్టీరియోని రిసీవరే సాగదీస్తోందని అర్థం. 'డాల్బీ డిజిటల్ ప్లస్', 'డాల్బీ అట్మాస్' అని ఉంటే అసలు ట్రాక్ వస్తున్నట్టు. రెండు పేర్లూ కలిపి పడితే, అసలు ట్రాక్‌తో పాటు పైన సీలింగ్ స్పీకర్లకి కూడా శబ్దం తయారు చేస్తోందన్నమాట. డీటీఎస్ న్యూరల్ ఎక్స్ కూడా ఇలాంటి అప్‌మిక్సరే.

పాత సినిమాలతో ఇంకో చిత్రం. 1957 నాటి 'మాయాబజార్' లాంటి మోనో సినిమాలో రెండు చానళ్లలోనూ ఒకే శబ్దం ఉంటుంది. అప్‌మిక్సర్ దాన్ని మొత్తంగా సెంటర్‌కి తోసేస్తుంది. మిగతా స్పీకర్లు మూగబోతాయి. సెట్టు పాడైందని కంగారు పడక్కర్లేదు, స్టీరియో మోడ్‌లోకి మారిస్తే ముందున్న రెండు స్పీకర్లూ పలుకుతాయి.

మరి డైలాగు మింగేసేది ఏది? మొదటి అనుమానం 'మల్టీ చానల్ స్టీరియో' మీదే. ఇందులో అన్ని స్పీకర్లలోనూ అదే శబ్దం వస్తుంది. బర్త్‌డే పార్టీలో పాటలకి బాగుంటుంది. సినిమాకి పెడితే హీరో మన వీపు వెనక నుంచి మాట్లాడతాడు. హాల్, స్టేడియం లాంటి మోడ్‌లు లేని ప్రతిధ్వనిని కలుపుతాయి కాబట్టి మాట ముద్దగా మారుతుంది. షోరూమ్‌లో ఐదు నిమిషాలు వింటే భలే అనిపిస్తాయి గానీ, ఇంట్లో వార్తలు చూడాలంటే విసుగే. ఇక డైరెక్ట్, ప్యూర్ డైరెక్ట్ మోడ్‌లు బాస్, ట్రెబుల్ లాంటి మార్పులన్నీ పక్కనపెట్టేస్తాయి. పాటలు శ్రద్ధగా వినేవాళ్లకి ఇవి నప్పుతాయి. కొన్ని మోడళ్లలో వీటితో సబ్‌వూఫర్ కూడా ఆగిపోతుంది.

మోడ్ సరిగ్గానే ఉన్నా 5.1 రావట్లేదంటే టీవీని అనుమానించాలి. టీవీ ఆడియో అవుట్‌పుట్ 'పీసీఎం' అని ఉంటే చాలా టీవీలు రెండు చానళ్లే బయటకి పంపుతాయి. దాన్ని 'పాస్‌త్రూ' లేదా 'ఆటో'కి మార్చాలి. హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీలో ఆర్క్ అని రాసి ఉన్న పోర్టుకే పెట్టాలి. ఓటీటీ యాప్‌ల అట్మాస్‌కి మామూలు ఆర్క్ కూడా సరిపోతుంది. బ్లూ-రే ప్లేయర్‌ని టీవీకి కలిపి, అక్కడి నుంచి ట్రూ హెచ్‌డీ సౌండ్ రిసీవర్‌కి రావాలంటే మాత్రం ఈ-ఆర్క్ ఉండాల్సిందే. ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కే కలిపితే ఆ గొడవే లేదు.

ఇవన్నీ చూశాక కూడా మాట తక్కువగానే వినిపిస్తుంటే సెంటర్ స్పీకర్ లెవల్‌ని 2 లేదా 3 డెసిబెల్స్ పెంచి చూడండి. రాత్రిపూట పిల్లలు పడుకున్నాక డైనమిక్ రేంజ్ లేదా నైట్ మోడ్ ఆన్ చేస్తే పేలుళ్లు తగ్గుతాయి, గుసగుసలు పైకి వస్తాయి. అయితే చాలా రిసీవర్లలో ఈ ఆప్షన్ డాల్బీ, డీటీఎస్ ట్రాక్‌లకే పని చేస్తుంది. టీవీ పీసీఎంలో ఉంటే అది మెనూలో కనిపించకపోవచ్చు.