కాలు పోతే నడక పోయినట్టేనా?

'మయూరి' సినిమా చూసి కళ్లు తుడుచుకోనివాళ్లు మనలో తక్కువే. 1981లో తిరుచ్చి దగ్గర జరిగిన బస్సు ప్రమాదం వల్ల సుధాచంద్రన్ కాలు తీసేయాల్సి వచ్చింది. 1984లో జైపూర్ కాలుతో ఆమె మళ్లీ వేదికెక్కారు. మనకు గుర్తుండేది ఆ నాట్యమే. మధ్యలో పడ్డ కష్టం ఎలాంటిదో నాకు ఆళ్లగడ్డలోని మా మేనత్తను చూశాకే తెలిసింది.

అత్తకు షుగరు. పాదానికి పుండు పడి మానకపోవడంతో మోకాలి కింద తీసేశారు. కోడళ్లు ప్రేమకొద్దీ అన్నీ మంచం దగ్గరికే అందించారు. నొప్పి తెలియకుండా మోకాలి కింద దిండు పెట్టారు. నంద్యాలలో ఫిజియోథెరపిస్టు మొదట తీయించింది ఆ దిండునే! మోకాలు ఎప్పుడూ వంగి ఉంటే కండరాలు బిగుసుకుపోతాయి. అది చాపలేకపోతే కృత్రిమ కాలు సరిగా అమరదు.

"నేనేమన్నా నాట్యమాడాల్నా పాపా? నా అంతట నేను బాత్రూముకు పోతే చాలు. కొడుకు ఎత్తుకుపోతాంటే సిగ్గుతో చచ్చిపోతాండా" అంది అత్త. ఆ మాటే ఆమెను లేపింది.

డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టినవి ఇవీ:

* రోజుకు రెండు మూడుసార్లు, పావుగంట చొప్పున బోర్లా పడుకోవడం. తుంటి వంగిపోకుండా ఉంటుంది.
* వెల్లకిలా పడుకుని మోకాలిని పరుపుకేసి నొక్కి, అయిదు లెక్కపెట్టి వదలడం.
* కాలు వంచకుండా కాస్త పైకెత్తి మెల్లగా దించడం.
* కుర్చీ చేతులు పట్టుకుని ఒళ్లు పైకి లేపడం. వాకరు పట్టుకోవాలంటే చేతుల్లో బలం ఉండాలి కదా!

ఇవి మోకాలి కింద తీసినవాళ్లకు చెప్పినవి. మోకాలి పైన తీస్తే వ్యాయామాలు వేరుగా ఉండొచ్చు. గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

రాత్రిళ్లు "లేని వేళ్లు గుంజుతున్నాయే" అనేది. అది భ్రమా కాదు, పిచ్చీ కాదు. కాలు పోయినా మెదడులో దాని జాడ పోదు. డాక్టరుకు చెబితే అందుకూ చికిత్స ఉంది. రెండో పాదాన్ని రోజూ వెలుతురులో చూసుకోవాలి, చెప్పులు లేకుండా అడుగు వేయకూడదు.

కొన్ని నెలలకు అత్త వాకరు పట్టుకుని బాత్రూముకు తానే వెళ్లింది, తలుపు తానే వేసుకుంది.

మీ ఇంట్లో ఇలాంటివారుంటే అన్నీ చేతికందించకండి. పడిపోకుండా పక్కనే నిలబడండి. అడుగు మాత్రం వాళ్లనే వేయనివ్వండి.