కూలిలో కోత.. యజమానికే వాత

టేకులపల్లి: రోజు కూలిలో యాభై రూపాయలు మిగిలితే లాభమేనని భావించే చిన్న గుత్తేదారులు, వ్యాపారులు ఆ సొమ్మే తమ మెడకు చుట్టుకోగలదని గుర్తించాల్సి ఉంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో వేతనాల కోడ్‌ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. బకాయి కోసం కార్మికుడు పాత చట్టం కింద ఆరు నెలల్లోగా దరఖాస్తు చేసుకోవాల్సి ఉండగా, కొత్త కోడ్‌ మూడేళ్ల గడువు కల్పించింది.

లెక్క ఇదీ..

పదిమంది పనివారికి రోజుకు రూ.50 చొప్పున తగ్గించి ఇస్తే, నెలకు 26 పనిదినాల లెక్కన ఏడాదికి బకాయి రూ.1.56 లక్షలకు చేరుతుంది. దీనికి అదనంగా పది రెట్ల వరకు, అంటే రూ.15.60 లక్షల దాకా పరిహారం చెల్లించాలని విచారణాధికారి ఆదేశించవచ్చు. నేరం రుజువైతే రూ.50 వేల వరకు జరిమానా ఉంటుంది. ఐదేళ్లలోపు అదే నేరం పునరావృతమైతే మూడు నెలల వరకు జైలు, లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

'ఒప్పుకున్నాడు' అంటే చెల్లదు

తక్కువ కూలికి కార్మికుడే అంగీకరించాడన్న వాదన నిలవదు. అటువంటి ఒప్పందం చట్టరీత్యా చెల్లదు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం వెట్టిచాకిరీతో సమానమని సుప్రీంకోర్టు 1982లోనే ఏషియాడ్‌ కార్మికుల కేసులో తీర్పు చెప్పింది. పైగా పూర్తి వేతనం చెల్లించామని నిరూపించుకోవాల్సిన భారం యజమానిదే.

గనిలో ఒక రేటు, బట్టీలో మరొకటి

మండలంలోని కోయగూడెం ఉపరితల గని వంటి బొగ్గు గనుల్లో కనీస వేతనాన్ని కేంద్రం నిర్ణయిస్తుంది. ఇటుక బట్టీలు, పత్తి మిల్లులు, దుకాణాలకు రాష్ట్ర ప్రభుత్వ రేట్లు వర్తిస్తాయి. గుత్తేదారు ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించాల్సి వస్తుంది. అందువల్ల బకాయి పెట్టే గుత్తేదారుకు మరో పని దక్కడం కష్టమే. వేతనాల పెంపు కోరుతూ 2022 సెప్టెంబరులో సింగరేణి ఒప్పంద కార్మికులు సమ్మెకు దిగిన సంగతి తెలిసిందే.

పాటించాల్సిన జాగ్రత్తలు

* కరవు భత్యం సాధారణంగా ఏటా ఏప్రిల్‌, అక్టోబరుల్లో మారుతుంది. టెండరు వేసేటప్పుడే ఆ పెంపును లెక్కలోకి తీసుకోవాలి.
* వేతనం బ్యాంకు ఖాతాలో జమచేసి, చీటీ ఇవ్వాలి.
* హాజరు, వేతన పుస్తకాలను ఏ రోజుకారోజు రాయాలి.
* అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి.
* నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా చెల్లించాలి.

ఇప్పటికే బకాయి పడినవారు ఫిర్యాదు వరకు తెచ్చుకోకుండా లెక్కగట్టి చెల్లించి, రసీదు తీసుకోవడం ఉత్తమం. తమ పనికి వర్తించే రేటు ఎంతో యజమానులు, కూలీలు కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు.