నడుమ నిలిచిన నాదము: రెబెకా క్లార్కు

వాయులీనము నెఱుగని తెలుగువారుండరు. గాయకుని చెంత గూర్చుండి పాటవెంట నడచు నా వాద్యమును మనమందఱమును వినియున్నాము. పాశ్చాత్యదేశములయందు దానికి తోబుట్టువువంటి వాద్యము మఱియొకటి కలదు. దాని పేరు వయోలా. చూచుటకు ఫిడేలును బోలియుండును గాని కొంచెము పెద్దది; కంఠము గంభీరమైనది.

అచ్చట కొలదిమంది వాదకులు కూడి, ఒక్కొక్కరొక్కొక్క భాగమును వాయించు పద్ధతి యున్నది. దానిని ఛేంబరు సంగీతమందురు. రెండు ఫిడేళ్లు, ఒక వయోలా, ఒక చెల్లో చేరిన మేళము వీనిలో ముఖ్యమైనది. మొదటి ఫిడేలు పాట నందఱును విందురు. చెల్లో మంద్రస్వరమును గుర్తింతురు. ఈ రెంటి నడుమ నుండి మేళమును కలిపి నిలుపునది వయోలా. అది లేనినాడు గాని దాని విలువ తెలియదు. గృహమున నట్టి స్థానమెవరిదో సోదరీమణులకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఈ వాద్యమునే జీవనాధారముగ జేసికొనిన రెబెకా క్లార్కు 1886లో ఇంగ్లాండునందలి హారోలో జన్మించెను. తండ్రి అమెరికా దేశస్థుడు, తల్లి జర్మనీ దేశస్థురాలు. తండ్రి సంగీతప్రియుడే కాని కఠినుడు. బిడ్డలను గొట్టుటకు వెనుదీయడు. ఆమె 1903లో లండనునందలి రాయల్ అకాడమీలో ఫిడేలు నేర్చుటకు జేరెను. అచ్చటి యుపాధ్యాయుడొక డామెను వివాహమాడ గోరగా, తండ్రి యామె చదువు మాన్పించెను. అడిగినవాడు గురువు, చదువు పోయినది శిష్యురాలికి!

1907లో ఆమె రాయల్ కాలేజీలో జేరి, స్టాన్‌ఫర్డు పండితునియొద్ద స్వరరచన నభ్యసించెను. వయోలా పట్టినయెడల నాదముల నట్టనడుమ నుండి, అవి కూడు రీతి నంతయు గ్రహింపవచ్చునని యాయన బోధించెను. ఆమె ఫిడేలు విడిచి, లయొనెల్ టెర్టిసు అను ప్రసిద్ధునియొద్ద వయోలా నేర్చెను.

ఆ విద్యయే యామెను గాపాడినది. తండ్రి పరస్త్రీసాంగత్యమును గూర్చి యామె ప్రశ్నింపగా, 1910 ప్రాంతమున నాత డామెను ఇల్లు వెడలగొట్టి ధనసహాయము నాపివైచెను. చదువు మధ్యలో నిలిచినది. చేత వాద్యమొక్కటియే మిగిలినది. దానితోనే యన్నము సంపాదించుకొనెను. క్వీన్స్ హాలు వాద్యబృందమున తొలిసారిగా స్త్రీలను జేర్చుకొనిన హెన్రీ వుడ్డు, ఆ కొలదిమందిలో నీమెకును స్థానమిచ్చెను.

1916లో అమెరికాకు బోయెను. 1918లో న్యూయార్కున నొక కచేరీ చేసినపుడు, పట్టికలో దన పేరే పలుమాఱు కనబడుట బాగుండదని, స్వీయరచన యగు ‘మార్ఫియస్’ క్రింద ఆంథొనీ ట్రెంట్ అను పురుషనామమును వ్రాసెను. పత్రికలవా రా ట్రెంటునే యెక్కువ మెచ్చుకొనిరి! విరాటుని కొలువున బృహన్నల గెలిచిన పోరునకు ఉత్తరుడు పొగడ్త లందుకొనిన కథ మాకు స్మృతికి వచ్చినది. అర్జునుని యజ్ఞాతవాసమున కొక గడువుండెను. ఈమె యజ్ఞాతవాసమునకు గడువెవరు పెట్టిరి?

మఱుసటి యేడు మఱియొక చిత్రము జరిగినది. కూలిడ్జి అను వదాన్యురాలు నడపిన పోటీకి డెబ్బదికి పైగా రచనలు వచ్చెను. పేళ్లు గుప్తములు. న్యాయనిర్ణేతలు రెండు రచనలకు సరిసమానముగ జీలిపోగా, కూలిడ్జి తన మాటతో బహుమానమును ఎర్నెస్టు బ్లాకున కిచ్చెను. రెండవ రచన క్లార్కు వయోలా సొనాటా. దానిని స్త్రీ వ్రాసియుండదనియు, ఆ పేరు మాఱుపేరనియు వదంతి పుట్టెను. తన పేరు పెట్టనపుడు మెప్పు పురుషునికి జేరినది. పెట్టినపుడు ఆ పేరే బొంకనిరి.

అయినను కచేరీలు మానలేదు. చెల్లో విదుషి మే మక్లేతో గూడి దేశదేశములు తిరిగెను. ఆ పిమ్మట నా మక్లే, మార్జరీ హేవర్డు, కాథ్లీన్ లాంగులతో ఇంగ్లీష్ ఎన్‌సెంబుల్ అను మేళము గూర్చెను. నలుగురును స్త్రీలే. నడుమ వయోలా క్లార్కుది.

1939లో యుద్ధము రాగా అమెరికాలో జిక్కుకొని, కొంతకాల మొక కుటుంబమున బిడ్డలను సాకు కొలువు చేసెను. 1944లో, తన యేబదియెనిమిదవ యేట, పూర్వసహాధ్యాయి యగు జేమ్సు ఫ్రిస్కిను నను పియానో విద్వాంసుని వివాహమాడెను. భర్త వ్రాయుమని ప్రోత్సహించినను కలము సాగలేదు. లేచినతోడనే తొలి తలంపును, నిదురకు ముందు కడపటి తలంపును సంగీతమే కానిచో తాను రచింపజాలనని యామె చెప్పుకొనెను.

1976లో, తొంబదవ యేట, రేడియోలో నామె రచనలు వినిపించి ముచ్చటింపగా లోకము మరల చెవియొగ్గెను. 1979లో న్యూయార్కున గతించెను. నాడు శంకింపబడిన సొనాటా నేడు వయోలా నేర్చువారికి బ్రధానగ్రంథములలో నొకటి.

ఆమె చెప్పిన యా మాట మమ్ము విడువకున్నది. తెల్లవాఱగనే మా తొలి తలంపు పొయ్యి. బడికి బోవువారి భోజనము. రాత్రి కడపటి తలంపు తలుపు గడియ. ఇందులకు మేము చింతిల్లుట లేదు. కాని పాటయో పద్యమో తొలి తలంపుగా లేచు బాలిక యింట నున్నచో, తల్లులారా, ప్రొద్దుట నొక్క గడియ యామెకు విడువుడు. పొయ్యి మనము రాజేయుదము. ఆమె వ్రాసినదాని క్రింద నామె పేరే వ్రాయించుడు.